పాడినోళ్ల పేరు కూడా రాయాలి

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం జానపద, గిరిజన సంగీతాన్ని సేకరించి కాపాడినవాళ్లు. మేము పండితులం కాదు. మేము అంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఒక గిరిజన ఆడపిల్లల హాస్టల్ నడిపేవాళ్లం: వార్డెన్, ట్యూటర్లు, వంటమనుషులు, వాచ్‌మన్. బీఈడీ చదివి ఇటు వచ్చినవాళ్లం కాబట్టి ఏ విషయమైనా పిల్లల వైపు నుంచే చూసే అలవాటు. ఈ మాటలూ అట్లాగే ఉంటాయి.

మన ఇలాకా నుంచే మొదలుపెడతాం. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్ దాటితే తుర్కయాంజాల్ వస్తుంది. 2024 మే నెలలో అక్కడ ఒక కట్టడం దగ్గర కూలి పని చేస్తున్న పెద్దాయన వీడియో మనందరి ఫోన్లకూ వచ్చింది. ఆయన దర్శనం మొగులయ్య గారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు. ఆ వీడియోకు రెండేళ్ల ముందే, 2022లో, ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అంతకు ముందు సంవత్సరం 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆయన గొంతు విని మా పిల్లలు రీల్స్ చేశారు. ఆ పిల్లలే ఈ వీడియో చూసి, "మేడం, ఈ తాత ఆ తాతేనా?" అని అడిగారు.

మొగులయ్య గారు గిరిజనుడు కాదు, డక్కలి కులస్థుడు. కానీ ఊరు నల్లమల అంచున, నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో. వెదురు కర్ర, ఎండిన సొరబుర్రలు, తేనె మైనం, నెమలి ఈకలు, అంతా అడవి సరుకే ఆ వాద్యం. దాని మీద పండుగ సాయన్న లాంటి వీరుల కథలు పాడుతూ ఊరూరా తిరిగిన వంశం ఆయనది. ఎవరు ఏం ఇచ్చారు, ఏం ఇవ్వలేదు అన్న వాదంలోకి మేము పోము. ఒకటే అడుగుతాం. కిన్నెరను అద్దాల పెట్టెలో పెట్టి, కిన్నెర వాయించే చెయ్యి ఇసుక తట్ట మోస్తుంటే, దాన్ని కాపాడటం అంటామా? సేకరణ గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని మా అభిప్రాయం. అందుకే ముందే వేశాం.

ఇక సేకరించినవాళ్ల సంగతి. తెలుగు పాటలకు ఈ అదృష్టం బాగానే దొరికింది. 1874లోనే బాయిల్ అనే తెల్లదొర సర్వాయి పాపడి పాట లాంటివి రాయించుకుని 'ఇండియన్ యాంటిక్వరీ' అనే పత్రికలో వ్యాసం వేశాడు. తర్వాత గోదావరి వైపు నేదునూరి గంగాధరం గారు జీవితమంతా ఆ పని మీదే ఉన్నారు. 'మిన్నేరు', 'సెలయేరు' ఆయన సంపుటాలు. మన తెలంగాణలో బిరుదురాజు రామరాజు గారు పల్లెపల్లె తిరిగి ఉస్మానియాలో పరిశోధన చేశారు. 'తెలుగు జానపద గేయ సాహిత్యం' అన్న ఆ గ్రంథం 1958లో పుస్తకంగా వచ్చింది. పల్లెపాట మీద డాక్టరేటా అని నవ్వే రోజుల్లో చేసిన పని అది. నాయని కృష్ణకుమారి గారు కథాగేయాల మీద పనిచేశారు. వీళ్లందరికీ దండం పెట్టాలి. అయితే వీళ్ల పుస్తకాల్లో గోండి పాట, కోయ పాట, గోర్‌బోలి పాట ఎన్ని ఉన్నాయని వెతికితే చెయ్యి ఖాళీగానే బయటికి వస్తుంది. తప్పు పట్టడానికి కాదు ఈ మాట. వాళ్లు వెతికింది తెలుగు పాటను. మన పాటను వినాలంటే ముందు మన భాష రావాలి.

ఆ భాష నేర్చుకుని విన్న తెలుగాయన ఒకరున్నారు. గిడుగు రామమూర్తి గారు. ఆగస్టు 29న ప్రతి బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వాడుక భాష కోసం పోరాడాడని పిల్లల చేత వ్యాసాలు రాయిస్తాం. సవర భాష సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తాం. నిజానికి మనకు ఆయన అక్కడే దగ్గరివాడు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, చుట్టూ కొండల్లో ఉన్న సవరల భాష నేర్చుకున్నారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. వాళ్ల పాటలు, కథలు రాసుకున్నారు. 1931లో ఆయన సవర వ్యాకరణం మద్రాసులో అచ్చయింది, తర్వాత నిఘంటువులు వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి. చెవుడు కూడా వచ్చింది. చెవులు వినపడని మనిషి ఒక భాష పలుకుబడిని అంత వివరంగా పట్టుకున్నాడంటే మాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. పాటను బడికి తెచ్చినవాడు అని మేము ఆయన్ని తలుచుకుంటాం. బడిలో సొంత మాట వినపడితేనే పిల్ల ఇంటి పాటకు సిగ్గుపడదు. ఇది పుస్తకంలో చదివిన మాట కాదు, రోజూ చూస్తున్నాం.

ఆదిలాబాద్ గోండుల సంగతికి వస్తే మార్లవాయి పేరు చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండుల పరిస్థితి చూడమని నిజాం సర్కారు ఆస్ట్రియా నుంచి వచ్చిన పండితుడు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయనా, భార్య బెట్టీ ఎలిజబెత్‌ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ గోండుల గోత్రకథలు పాడుతుంటే విని రాసుకున్నారు. 1943లో అదే ఊళ్లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. దంపతుల సమాధులు మాత్రం మార్లవాయిలోనే ఉన్నాయి. అంటే మన తాతల బొమ్మలు లండన్‌లో, లండన్ దొర సమాధి మన ఊళ్లో. ఈ లెక్క ఎట్లా సరిచేయాలో పెద్దలు ఆలోచించాలి.

అదే మార్లవాయి నుంచి కనకరాజు గారు వచ్చారు. గుస్సాడీ కనకరాజు అంటేనే అందరికీ తెలుసు. దీపావళి ముందు దండారి మొదలైతే నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని ఆడే ఆట అది. డోలు, వెట్టె, గుమేల, పెప్రె, కాలికోమ్ మోగుతుంటే ఆగి నిలబడటం ఎవరి వల్లా కాదు. ఆయన చిన్నప్పటి నుంచి ఆడారు, వందలమంది పిల్లలకు అడుగులు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, మళ్లీ దండారి రోజుల్లోనే, కన్నుమూశారు. దానికి నాలుగు నెలల ముందే జూన్‌లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు పోయారు. మణుగూరు దగ్గర కూనవరం ఆయన ఊరు. సమ్మక్క సారలమ్మ చరిత్ర, కోయ ఇలవేల్పుల కథలు పడిగె ముందు నిలబడి కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. ఒకే ఏడాదిలో ఇద్దరు. వాళ్ల దగ్గర ఉన్నది ఎంత రికార్డు అయింది, ఎంత వాళ్లతోనే మట్టిలో కలిసింది?

ఇక్కడ జయధీర్ తిరుమలరావు గారి పేరు చెప్పకుండా పోలేం. మూలవాద్యాలు, పడిగెలు, తాళపత్రాలు ఇల్లిల్లూ తిరిగి ఎన్నో ఏళ్లుగా పోగుచేస్తున్నారు. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు వెలుగులోకి రావడంలో ఆయన పాత్ర ఉంది. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే గుంజాల గోండి ఇప్పుడు ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ రాయొచ్చు. మా హాస్టల్‌లో ఒక గోండు అమ్మాయి తన పేరును ఆ లిపిలో రాసుకుని అల్మరా మీద అతికించుకుంది. గోడలకు కాగితాలు అతికించొద్దని మాకు రూలు ఉంది. అల్మరా గోడ కాదు కదా అని ఊరుకున్నాం.

ఇప్పుడు కొంచెం దూరం పోతాం. ఐర్లండ్ అనే చిన్న దేశం. మనలాగే ఇంగ్లీషువాళ్ల కింద ఉండి, సొంత భాష చాలావరకు పోగొట్టుకున్న దేశం. 1792లో బెల్‌ఫాస్ట్‌లో పాత హార్ప్ వాయించే పదిమందిని, ఎక్కువమంది గుడ్డివాళ్లే, పిలిపించి వాయించమన్నారు. ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు కూర్చుని స్వరాలు రాసుకున్నాడు. తర్వాత వాటిని పియానోకు సరిపడేలా మార్చి అచ్చు వేశాడు. మంచి చేశాడు, కొంత చెడగొట్టాడు కూడా. మన పాటకు కీబోర్డు తగిలించి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లను చూస్తే మాకు ఆయనే గుర్తొస్తాడు. 1942లో షేమస్ ఎన్నిస్ అనే ఆయన్ని వాళ్ల జానపద కమిషన్ ఒక సైకిలు, కలం, కాగితాలు ఇచ్చి పంపింది. ఐదేళ్లు తిరిగి రెండు వేల దాకా పాటలు, బాణీలు పట్టుకొచ్చాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. మా మనసులో పడింది వేరే. 1937 నుంచి 1939 వరకు ఆ కమిషన్ ప్రాథమిక బడుల పిల్లలకు పని అప్పజెప్పింది. ఇంటికి పొండి, అవ్వను, తాతను, పక్కింటి ముసలమ్మను అడగండి, చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకుని రండి అని. 5,000కు పైగా బడులు పాల్గొన్నాయి. మొత్తం 7,40,000 పేజీలు వచ్చాయి. డిగ్రీ ఉన్నవాళ్లు కాదు, పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు రాసినవి. రాసిన పిల్ల పేరు, చెప్పిన మనిషి పేరు, ఊరు కూడా రాసుకున్నారు. ఇప్పుడు అవన్నీ ఇంటర్‌నెట్‌లో పెట్టారు. తొంభై ఏళ్ల కింద తన ముత్తవ్వ చెప్పిన మాట ఈ రోజు ముని మనవరాలు వెతుక్కుని చదువుకోవచ్చు.

మనకు కమిషన్ లేదు. కానీ హాస్టళ్లు ఉన్నాయి. ఒక్క మా హాస్టల్ కప్పు కిందనే గోర్‌బోలి, గోండి, కోయ మూడూ ఉన్నాయి. చెంచు పిల్లలూ ఉన్నారు. ఇంత సంపద ఏ పరిశోధకుడికి ఒక్కచోట దొరుకుతుంది? అయితే దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగగానే పిల్లలు ముందు నేర్చుకునేది దాచిపెట్టడం. కోచింగ్ సెంటర్ల మధ్య, మెట్రో రైల్లో, ఫోన్‌లో అమ్మతో గోర్‌బోలిలో మాట్లాడాల్సి వస్తే గొంతు తగ్గిస్తారు. పాడమంటే సినిమా పాట పాడతారు. తండా పాట పాడమంటే నేల చూస్తారు.

పోయిన వేసవి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కరికి ఒక నోట్‌బుక్ ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక్క పాట రాసుకుని రమ్మన్నాం. ఒక్కటే. ఎక్కువ అడిగితే ఎవరూ తేరు. భాష ఏదైనా తెలుగు అక్షరాల్లో రాయమన్నాం, ఫోన్‌లో రికార్డు కూడా చేయమన్నాం. పాడినావిడ పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎప్పుడు పాడతారు. పెళ్లికా, తీజ్‌కా, నాట్లకా, చావుకా. నలుగురికి వినిపించొచ్చా అని అడిగి, సరేనంటేనే తెమ్మన్నాం. కొన్ని పాటలు బయట పాడేవి కావు, దేవర దగ్గర తప్ప. ఆ మర్యాద మన పిల్లలే పాటించకపోతే ఇంకెవరు పాటిస్తారు?

సగంమంది తేలేదు. ఉన్న మాట చెప్తున్నాం. కొందరు యూట్యూబ్ నుంచి దింపి తెచ్చారు, పట్టుకుని నవ్వి తిరిగి పంపాం. కానీ దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక డిగ్రీ పిల్ల వాళ్ల నానమ్మ పాడిన ఢావలో తెచ్చింది. అత్తగారింటికి పోయే పెళ్లికూతురు తల్లిని, అన్నను, చివరికి ఇంటి గడపను పట్టుకుని పాడే ఏడుపు పాట అది. రికార్డులో నానమ్మ మధ్యలో ఆగి, "ఇది ఇట్ల కూర్చుని పాడేది కాదే, ఏడుపు రావాలె" అంటుంది. తర్వాత నిజంగానే ఏడుస్తుంది. ఆ రాత్రి హాల్లో అందరం విన్నాం. భోజనాల గంట కొట్టినా ఎవరూ లేవలేదు, వంటామె కూడా గరిటె పట్టుకునే నిలబడిపోయింది. ఆ పిల్ల అర్థం చెబుతుంటే గోండు పిల్ల ఒకామె, "మాకూ ఇట్లాంటిదే ఉంది" అంది. ఇన్నాళ్లూ చెప్పలేదెందుకే అంటే, ఎవరూ అడగలేదు మేడం అంది.

పేరు రాయడం దగ్గర మేము గట్టిగా ఉంటాం. ఇన్నేళ్లుగా పాటల పుస్తకాల అట్టల మీద సేకరించినవాళ్ల పేరు పెద్దక్షరాల్లో ఉంది. పాడినావిడ 'ఒక లంబాడీ స్త్రీ', 'ఒక కోయ వృద్ధుడు' అయిపోయింది. మా రిజిస్టర్‌లో మొదటి గడి పాడినవారి పేరు, రెండోది ఊరు, రాసిన పిల్ల పేరు ఆ తర్వాత. సినిమావాళ్లో, ఆల్బమ్‌వాళ్లో ఆ పాట కావాలని వస్తే ముందు ఆ ఊరికి పోవాలి, ఆ మనిషికి డబ్బు ఇవ్వాలి. మా సంతకంతో పాట బయటికి పోదు.

సంఘానికి రెండు విన్నపాలు. హాస్టల్ డే నాడు డీజే పెట్టే ఖర్చులో సగం తీసి, ఊరి నుంచి ఒక పెద్దమ్మనో, డోలి కళాకారుణ్నో పిలిపించండి. రానుపోను ఛార్జీలు, సంభావన ఇచ్చి, శాలువా తక్కువ, డబ్బు ఎక్కువ ఇవ్వండి. రెండోది, మీ ఇళ్లల్లో అటకల మీద పాత క్యాసెట్లు ఉంటాయి, పెళ్లిళ్లవి, జాతరలవి. బూజు పట్టినా పారేయకండి. క్యాసెట్ పెన్సిల్‌తో తిప్పి చూడండి, తిరిగితే చాలు. పాడే టేప్ రికార్డర్ ఒకటి సంపాదించాం, దాన్నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా డిప్లొమా పిల్లలకు వచ్చు. ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట వరకు హాస్టల్ ఆఫీసు తెరిచే ఉంటుంది. క్యాసెట్ మీద ఎవరు పాడారో గుర్తుంటే ఒక చీటీ మీద రాసి రబ్బరు బ్యాండు పెట్టి తీసుకురండి.