రెండు కరెంట్లు - ఒక ఇల్లు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండాకాలం వచ్చిందంటే మనలో చాలామంది ఇన్వర్టరో, జనరేటరో కొనాలని చూస్తాము. కొన్నాక "ఏసీ నడవాలి, ఫ్రిజ్ నడవాలి, గీజరూ నడవాలి" అంటాము. ఏది దేనిమీద నడవాలో ముందే తేల్చుకోవాలి. దానిని గురించే మేము నాలుగు మాటలు మనవి చేస్తాము.

12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో నిలవ ఉండేది లెక్కకు 1800 వాట్-అవర్లు. గీజరు ఒక్కటే 2000 వాట్లు లాగుతుంది. అంటే గంటసేపు కూడా రాదు. చిన్న ఇన్వర్టరైతే ఆ బరువు మోయనే మోయదు. అసలు గీజరుకు బ్యాటరీ ఎందుకండీ? కరెంటు ఉన్నప్పుడు కాచిన నీళ్ళు ట్యాంకులో గంటల తరబడి వేడిగా ఉంటాయి. ఫ్రిజ్ కూడా తలుపు తెరవకుంటే సుమారు 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. కాబట్టి ఫ్యాన్లు, లైట్లు, ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే తగిన ఇన్వర్టరు పెట్టి ఫ్రిజ్, ఇవి బ్యాటరీ మీద ఉంచండి. గీజరును మామూలు కరెంటుకే వదిలేయండి. ఏసీ కావాలంటే జనరేటరే దిక్కు. కంప్రెసరు మొదలయ్యేటప్పుడు మామూలుకంటె ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది గనుక జనరేటరు పెద్దదిగా ఉండాలి. కరెంటు మారినప్పుడల్లా 3 నిమిషాలు ఆగి ఏసీ వేయండి.

ఇక ప్రాణాల సంగతి. ఒక పెళ్ళి ఇంట్లో జనరేటరు వైరును గోడలోని ప్లగ్గుకే తగిలించడం మేము కళ్ళారా చూశాము. మెయిన్ స్విచ్ ఆపలేదు. ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు, వీధి తీగలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను తగ్గించి మనకిస్తుంది కదా, వెనకనుంచి వచ్చినదాన్ని అదే పెంచి పైకి పంపగలదు. స్తంభం మీద లైన్‌మన్ ఉంటే? ఆ రోజు అతను ఎక్కేముందు పరీక్ష చేసి చూశాడు కాబట్టి ఇల్లు చేరాడు. అతనికీ పిల్లలున్నారు. అందుచేత ఫేజు, న్యూట్రలు రెండూ మార్చే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. ఒకటి వదిలితేనే రెండోది పట్టుకుంటుంది.

ఇంకొక మాట. కొన్ని హాళ్ళలో ఏసీ లోపలి ఫ్యాను బ్యాకప్ మీద, బయటి కంప్రెసరు మామూలు కరెంటు మీద ఉంటాయి. ఏర్పాటు మంచిదే. కాని మెకానిక్ ఒక స్విచ్ ఆపి, అంతా ఆగిందనుకుని చెయ్యి పెడతాడు. రెండు న్యూట్రళ్ళను కలపకండి. యంత్రం మీద "రెండు చోట్లనుంచి కరెంటు వస్తుంది, రెండూ ఆపండి" అని తెలుగులోను, ఉర్దూలోను రాసి అంటించండి. ఖర్చు కాగితం ముక్క.

జనరేటరును ఆరుబయటే, కిటికీలకు దూరంగా పెట్టండి. దాని పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. వైరింగు పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

మన ఇంటి చల్లదనం కోసం మరొకరి ఇంటి దీపం ఆరకూడదు. ఇంతే మా మనవి. సెలవు.