అన్నం కూలి కాదు



"ఊరికే అన్నం పెడితే పిల్లలు సోమరులవుతారు, కాస్త పని చేయించండి" అని హాస్టల్ వార్డెన్లమైన మాకు సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. వాళ్లకు మా జవాబు ఇది.

పని మన పిల్లలకు కొత్త కాదు. ఇంటి దగ్గర నీళ్లు మోస్తారు, మేకలు కాస్తారు, ఇప్పపూలు ఏరుతారు. హాస్టల్లో ఎవరి కంచం వాళ్లే కడుక్కుంటారు, మా కంచం మేమే కడుక్కుంటాం. అది పద్ధతి. "ఊడిస్తేనే అన్నం" అన్న రోజున అది కూలి అవుతుంది. డబ్బున్న ఇంటి పిల్ల చదువుకునే గంటలో మన పిల్ల చీపురు పడుతుంది. మరి జ్వరమొచ్చి పని చేయలేని పిల్లను ఆ పూట పస్తు పెడతామా?

బడిలో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత మధ్యాహ్న భోజనాన్ని హక్కుగా ఇచ్చింది. బదులుగా పని చేయాలని అందులో ఎక్కడా లేదు.

ఊరికి వెళ్లినప్పుడు మీరు ఒకసారి బడికి వెళ్లండి. పిల్లలు వంటపాత్రలు తోముతూ కనిపిస్తే, "తోమకపోతే అన్నం పెడతారా?" అని పెద్దవాళ్లను అడగండి. జవాబు తడబడితే గ్రామసభలో మాట్లాడండి.

తిన్న అన్నానికి పిల్లలు ఎవరికీ బాకీ లేరు.