వయసు పైబడ్డాక వెన్నుపూసలు

ఎముకలు గుల్లబారడాన్ని వైద్యులు ఆస్టియోపోరోసిస్ అంటారు. 50 ఏళ్లు దాటిన స్త్రీలలో ముగ్గురిలో ఒకరికి, పురుషులలో ఐదుగురిలో ఒకరికి ఆ తర్వాతి జీవితంలో దీనివల్ల ఏదో ఒక ఎముక విరుగుతుందని అంతర్జాతీయ అంచనా. విరిగేవాటిలో వెన్నుపూసలది పెద్ద వాటా.

తుంటి విరిగితే మనిషి లేవలేడు, ఆసుపత్రికి వెళ్లక తప్పదు. వెన్నుపూస అలా కాదు. నీళ్ల బిందె ఎత్తినప్పుడో, వంగి ముగ్గు వేస్తున్నప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో పూస ముందుభాగం నలిగి అణిగిపోతుంది. నొప్పి వచ్చినా నడుం పట్టేసిందనుకుని తైలం రాసుకుని ఊరుకుంటారు. సుమారు మూడింట రెండు వంతుల పగుళ్లు వైద్యుల దాకా రానే రావు. ఎప్పటిలాగే కట్టిన చీర అంచు నేల మీద జీరాడుతుంటే, వీపు గూనిలా వంగుతుంటే, వయసు లక్షణమని సరిపెట్టుకోవడం ప్రమాదం. పడుచుతనంలోని ఎత్తులో నాలుగు సెంటీమీటర్లు తగ్గినా వెన్ను ఎక్స్‌రే తీయించాల్సిందే.

స్త్రీలలో ఎముకలు గుల్లబారడానికి ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గడం ప్రధాన కారణం. ఉబ్బసానికో, కీళ్లవాతానికో ఏళ్ల తరబడి మింగే స్టిరాయిడ్ మాత్రలూ ఎముకను తినేస్తాయి. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే జబ్బు ఉన్నట్టే. ఒక పూస విరిగిన స్త్రీలలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరక్కుండానే మరొకటి విరుగుతుంది. అందుకే మొదటి పగులు కనిపించగానే కాల్షియం, విటమిన్ డి సరిచూసి, బిస్ఫాస్ఫొనేట్ల వంటి మందులు మొదలుపెడతారు.