నడుమ నిలిచి చూచు పనిముట్టు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మీకు పేరుచేత క్రొత్తది కావచ్చును గాని అనుభవముచేత క్రొత్తది కాదు. పింఛను వివరమో, పాసుపుస్తకపు నకలో, బ్యాంకు ఖాతాలోని నిలువో చూడవలెనన్నచో నేడు సెల్‌ఫోను తెరువక తప్పుట లేదు. తెరచిన పిదప తెరమీద ఒక చక్రము తిరుగుచుండును. తిరిగి తిరిగి తుదకు "మరల ప్రయత్నింపుడు" అను మాట కనబడును. తప్పెవరిది? ఫోనుదా, టవరుదా, కార్యాలయపు యంత్రముదా, లేక మీట నొక్కిన మన వ్రేలిదా? కార్యాలయమువారి నడిగినచో "మావైపు అంతయు సరిగానే యున్నది" అందురు. చదువుకొన్న పిల్లల నడిగినచో "మీకు నొక్కుట రాదు" అందురు. సాక్ష్యము లేని తగవులో నిర్బలునిదే తప్పగుట లోకములో నున్నదే కదా!

ఇట్టి తగవులో సాక్ష్యము చూపగల పనిముట్టొకటి కలదు. దానిని వెబ్ డీబగ్గింగ్ ప్రాక్సీ అందురు. అట్టి పనిముట్టు నొకదానిని కొందరు మిత్రులతో గలసి నేను కొన్ని యేండ్లుగా నిర్మించుచు, బాగుచేయుచు వచ్చితిని. ఆ పనిలో నేను తెలిసికొన్న దానిని, పొరపడిన దానిని కూడ మీకు విన్నవింతును.

మొదట ఫోనులో జరుగునదేమో చూతము. మీరొక పుటను తెరచుట యనగా ఉత్తరము వ్రాయుటయే. ఫోనులోని బ్రౌజరు, దూరముననున్న సర్వరు అను యంత్రమునకు "నాకు ఫలానా పుట కావలెను" అని వ్రాయును. సర్వరు ప్రత్యుత్తరము వ్రాయును. ఆ ప్రత్యుత్తరము నెత్తిమీద మూడంకెల సంఖ్య యుండును. 200 అనగా కోరినది ఇచ్చితిమని అర్థము. 302 అనగా మరియొక చిరునామాకు పొమ్మని. 404 అనగా అట్టిది ఇచ్చట లేదని. 500 అనగా సర్వరే చిక్కున బడినదని. ఒక్క పుట తెరచుటకు పదులకొలది ఉత్తరములు పోవుచు వచ్చుచు నుండును. ఈ ఉత్తర ప్రత్యుత్తరముల మర్యాదకు హెచ్.టి.టి.పి. అని పేరు. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను విజ్ఞానశాలలో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ దీనిని ఏర్పరచెను. 1991లో అది మిక్కిలి చిన్నది. అడుగువాడు ఒక్క పంక్తి వ్రాసిన చాలును.

ఈ ఉత్తరములు మన కంటికి కనబడవు. కనబడనందుననే తప్పు ఎచ్చట జరిగినదో తెలియదు. ప్రాక్సీ యనగా ఒకరికి బదులుగా నిలుచువాడు. కోర్టుపనులకు ముఖ్తారునామా వ్రాసి యిచ్చిన మనిషివంటివాడు. ఈ పనిముట్టు మన కంప్యూటరులోనే కూర్చుండును. 127.0.0.1 అను సంఖ్య ప్రతి కంప్యూటరునకును తన యిల్లే యగు చిరునామా. ఆ యింటిలో 8888 వంటి సంఖ్యగల యొక ద్వారము నొద్ద పనిముట్టు కాచుకొని యుండును. ఉత్తరములన్నియు మొదట ఆ ద్వారమున ఇమ్మని బ్రౌజరునకు చెప్పుదుము. పనిముట్టు ప్రతి యుత్తరమునకు నకలు వ్రాసికొని, వేళ గుర్తించి, సర్వరునకు పంపును. వచ్చిన ప్రత్యుత్తరమునకును అట్లే చేయును. ప్రోగ్రాములోని లోపమును ఆంగ్లమున బగ్గు, అనగా పురుగు అందురు. ధాన్యమును చేటలో పోసి పురుగు నేరినట్లు, ఈ నకళ్లను ముందు పరచుకొని లోపము నేరవచ్చును.

ఇట్టి పనిముట్లలో ఫిడ్లర్ అనునది పేరెన్నికగన్నది. మైక్రోసాఫ్టు కంపెనీలో పనిచేయుచు ఎరిక్ లారెన్స్ అను నతడు 2003లో దీనిని ఆరంభించెను. ఆ ఆంగ్లపదమునకు ఫిడేలు వాయించువాడనియు, వస్తువును అటునిటు త్రిప్పి సవరించువాడనియు అర్థములు కలవు. వెబ్బు పని చేయువారు లోకమంతట దానిని ఉచితముగా వాడుకొనిరి. 2012లో టెలెరిక్ అను కంపెనీ దానిని తీసికొనగా, ఆయనయు ఆ పనితోడనే అచ్చటికి పోయెను. 2014లో టెలెరిక్ కంపెనీనే ప్రోగ్రెస్ అను కంపెనీ కొనెను. మరియొకటి, మిట్మ్‌ప్రాక్సీ అనునది. దానిని 2010లో ఆల్డో కోర్టేసి ఆరంభించెను. దాని లోపలి వ్రాత యంతయు ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును.

ఇచ్చట మీలో నొకరికి సందేహము కలుగవచ్చును: "నడుమ నిలిచి ఒకరి యుత్తరములు విప్పి చదువుట తగునా?" ఇది సరియైన సందేహము. నేటి యుత్తరములలో పెక్కు హెచ్.టి.టి.పి.ఎస్. అను పద్ధతిని లక్కముద్రతో పోవునవి. దారిలోనున్నవాడు అవి ఏ యూరికి పోవుచున్నవో చూడగలడు గాని లోపల చదువలేడు. మరి మన పనిముట్టు ఎట్లు చదువగలదు? అది తానొక ముద్రను చెక్కుకొని, "ఈ ముద్రను నమ్ముము" అని యజమాని నడుగును. యజమాని ఒప్పుకొని ఆ ముద్రపత్రమును, అనగా రూట్ సర్టిఫికెట్టును, తన కంప్యూటరులో చేర్చినచో, అటుపైన ఏ చిరునామా పేరిటనైనను ఆ పనిముట్టు ముద్ర వేయగలదు, బ్రౌజరు నమ్మును.

ఇంతటి అధికారము ఇనుపపెట్టె తాళపుచెవి వంటిది. కావున ప్రతి కంప్యూటరులోను పనిముట్టు వేరువేరు ముద్రను చెక్కవలెను. ఊరిలోని యిండ్లన్నిటికి ఒకే తాళపుచెవి చేసిన కమ్మరిని మీరు క్షమింతురా? 2015లో ఇట్టి తప్పే బయటపడెను. కొన్ని ల్యాప్‌టాపులలో అమ్మకమునకు ముందే చేర్చబడిన ప్రకటనల ప్రోగ్రా మొకటి, యజమానులకు తెలియకయే, అన్నిటిలోను ఒకే ముద్రను ఉంచియుండెను. ఒక్కచోట ఆ తాళపుచెవి దొరికిన దొంగకు అన్ని యిండ్లును తెరువవచ్చును. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 మొదలుకొని, యజమాని చేర్చిన ముద్రలను ఫోనులోని యాప్‌లు తమంతట నమ్మకుండునట్లు కట్టడి చేసిరి. మా పని కొంత కష్టమైనను అది మంచి కట్టడియే.

పెద్దలు దీనినుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. ఎవరైనను ఫోనులో మాటాడుచు గాని, అంగడిలో గాని, "మీ పని త్వరగా కావలెనన్నచో ఈ సర్టిఫికెట్టును మీ ఫోనులో చేర్చుకొనుడు" అన్నచో ఒప్పుకొనకుడు. అది దస్తావేజుమీద సంతకము కాదు, తాళపుచెవి నప్పగించుట.

ఇక నా పొరపాటు చెప్పెదను. ఒక సంక్రాంతికి మా యూరికి పోయినప్పుడు మా పెదతండ్రిగారు పొలము హద్దుల సర్వే కొరకు ఒక కార్యాలయపు పుటలో దరఖాస్తు పెట్టుటకు శ్రమపడుచుండిరి. మూడు దినములనుండి చక్రము తిరుగుటయే గాని దరఖాస్తు పోవుట లేదు. కార్యాలయములోని చిన్నవాడు ఎదుటనే నింపి చూపెనట, వెంటనే చెల్లెనట. "లోపము మీలోనే యున్నది తాతగారూ" అని పంపివేసెనట. నేను నా ల్యాప్‌టాపు తెరచి, మా పనిముట్టును నడుమ నిలిపి, వారిచేతనే నింపించితిని. దరఖాస్తు పోయెను. నకళ్లు చూచితిని, అన్నియు 200. నేనును తొందరపడి, "పుటలో లోపమేమియు లేదు, పెదనాన్నగారూ. మీ వ్రేలు సరిగా తగిలియుండదు" అంటిని. వారు మారు పలుకలేదు.

మరునాడు పెద్దమ్మగారి పేరిట మరియొక దరఖాస్తు పెట్టవలసి వచ్చెను. ఈసారి నా ల్యాప్‌టాపులోనే, పనిముట్టు లేకుండ, వారే నింపిరి. మరల చక్రమే! అప్పుడు వారు కండ్లద్దములు తీసి, "అబ్బాయీ, నీ పనిముట్టు నడుమ నున్నప్పుడు పోవు దరఖాస్తు, అది లేనప్పుడు ఏల పోదు? తప్పు నా వ్రేలిదైనచో రెండుమారులును ఉండవలెను గదా?" అని యడిగిరి. ఆ ప్రశ్న నేను వేసికొనవలసినది.

రెండు రాత్రులు పరిశీలింపగా సంగతి తెలిసెను. బ్రౌజరు సర్వరుతో ఒకమారు దారి కలుపుకొన్న పిదప, ప్రతి యుత్తరమునకు క్రొత్తదారి వేయక, ఆ దారినే మరల వాడుకొనును. ఆ కార్యాలయపు యంత్రముల ముందున్న కాపలా యంత్రము, రెండు నిమిషములు ఊరకున్న దారిని, చెప్పాపెట్టకుండ మూసివేయుచుండెను. చిన్నవాడు నిమిషములో నింపును గనుక అతనికి దారి తెరచియే యుండును. మా పెదతండ్రిగారు ప్రతి పంక్తిని చదివి, సర్వే సంఖ్యను పాసుపుస్తకముతో సరిచూచుకొని, నాలుగు నిమిషములకు నింపుదురు. అప్పటికి దారి మూతబడియుండును. బ్రౌజరు ఆ సంగతి యెరుగక మూసిన దారిలోనే ఉత్తరము వేసి కాచుకొని యుండును. మా పనిముట్టో, ఊరకున్న దారిని తానే ముందుగా విడిచి, క్రొత్తదారి వేసికొనుచుండెను. మేలు చేయబోయి లోపమును కప్పిపుచ్చెను! జాగ్రత్తగా చదువుటయే ఆయన చేసిన నేరము. సాక్ష్యము చెప్పవలసిన నా పనిముట్టు అబద్ధము చెప్పెను. దానిని నమ్మి నేను పెద్దవారిని తప్పుపట్టితిని.

నేను వారిని క్షమింపుమని వేడితిని. పిమ్మట మిత్రులతో గూడి పనిముట్టును సవరించితిమి. ఇప్పుడది ప్రతి నకలు ప్రక్కను, ఆ యుత్తరము పాతదారిని పోయెనో క్రొత్తదారిని పోయెనో వ్రాయును. తానేమైన మార్చినచో ఆ మార్పునకు గుర్తు పెట్టును. బ్రౌజరు ఎట్లు నడచునో అట్లే నడువుమని దాని నాజ్ఞాపించుటకు ఒక మీటయు నుంచితిమి. ఆ మీట వేసి పరీక్షింపగా లోపము తేటగా కనబడెను. వేళలతో సహా ఆ నకళ్లను, మా వివరములలో మరుగుపరుపవలసినవి మరుగుపరచి, కార్యాలయమునకు పంపితిమి. ప్రత్యుత్తరము రాలేదు గాని కొన్ని వారములకు ఆ పుట, నెమ్మదిగా నింపువారికిని పనిచేయసాగెను.

"ఒకమారు చేసిన పనిముట్టును మాటిమాటికి మార్చుట యెందుకు?" అని కొందరు నన్నడుగుదురు. చెరువు నొకమారు త్రవ్వినచో చాలునా? ఏటేట పూడిక తీయవలెను, కట్ట చూడవలెను, తూము బాగుచేయవలెను. ఇదియు నట్లే. 2015లో హెచ్.టి.టి.పి. రెండవ కూర్పు వచ్చెను. అంతవరకు మనుష్యుడు చదువదగిన అక్షరములలో నుండిన ఉత్తరము, యంత్రములకే తెలియు సంకేతములలోనికి మారెను. ఒకే దారిలో పెక్కు ఉత్తరములు ముక్కలు ముక్కలుగా కలిసి పోసాగెను. 2018లో లక్కముద్ర పద్ధతి, అనగా టి.ఎల్.ఎస్., 1.3 అను కూర్పుగా మారెను. 2022లో ప్రకటింపబడిన మూడవ కూర్పైతే, పాతబాటనే విడిచి క్విక్ అను క్రొత్తబాట పట్టెను. పాతబాటలో కాచుకొన్నవానికి క్రొత్తబాటలో పోవు బండి కనబడునా? మిట్మ్‌ప్రాక్సీవారు ఈ మూడవ కూర్పును పూర్తిగా అందుకొనునది 2024 నాటికి. ప్రతి మార్పుతోడను పాతపని చెడకుండ చూచుకొనుటయు వలయును. అందుకై మేము పాత ఉత్తరముల మాదిరులను దాచి, క్రొత్తకూర్పును విడుదల చేయుటకు ముందు వాని నన్నిటిని దానిగుండ పంపి, పోయినది పోయినట్లే చేరెనా యని చూతుము. పెదతండ్రిగారి నాలుగు నిమిషముల దరఖాస్తును కూడ ఆ మాదిరులలో చేర్చితిమి.

మరియొక్క మాట. పని ముగియగానే ఈ పనిముట్టును తొలగింపవలెను. అది హఠాత్తుగా ఆగిపోయి, ఉత్తరములను దానికే ఇమ్మన్న ఆజ్ఞ మాత్రము బ్రౌజరులో మిగిలినచో, బ్రౌజరు మూసిన ద్వారమునొద్ద నిలిచిపోవును. ఇంటర్నెట్టే చచ్చినట్లు తోచును. ఆజ్ఞను రద్దుచేయుట, చేర్చిన ముద్రపత్రమును తీసివేయుట, పోగైన నకళ్లను చెరిపివేయుట, ఇవి మూడును పనిలోని భాగములే. నకళ్లలో రహస్యపదములును ఉండును గదా.

పెద్దలారా, తగవు తీర్చుటకు నడుమ కూర్చుండువారు మీరు. నడిమి మనిషికి కావలసిన గుణములు మీకు నేను చెప్పనక్కరలేదు: ఇరువురి యనుమతి లేనిదే కాగితము విప్పరాదు, విప్పినదానికి తనమాట కలిపినచో కలిపితినని చెప్పవలెను, పని తీరగానే లేచిపోవలెను. యంత్రమునకును ఈ ధర్మమే. దానిని చేయువాడు ఏమరినచో అది యింటిలోని దొంగ యగును. శ్రద్ధ వహించినచో, నోరులేనివాని పక్షమున సాక్ష్యము చెప్పును. ఇకమీద తెరమీద చక్రము తిరుగునప్పుడు, తప్పు మీ వ్రేలిదే యని తొందరపడి ఒప్పుకొనకుడు. పోయిన వేళను, కనబడిన మాటను ఒక కాగితముమీద వ్రాసియుంచుడు. ఎచ్చటనో ఒక పనివానికి ఆ రెండు పంక్తులే దారి చూపును.