మళ్లీ చూసిన మాయాబజార్

దర్శకుడు కె.వి. రెడ్డి గారి సినిమా ‘మాయాబజార్’ వచ్చింది 1957లో. మొన్న పిల్లలతో కూర్చుని మళ్లీ చూశాను. ఆరంభం కాస్త నెమ్మదే, ఒప్పుకోవాలి. కానీ ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక చూడండి! సావిత్రి గారి నడకలో, చూపులో ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు గారి ఠీవి దిగిపోతుంది. పెళ్లిపీటల మీద సిగ్గుపడుతూనే పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కేస్తుంది. ఆ వేషంలో రేలంగి గారు విలవిల్లాడితే మా పిల్లలు పడీపడీ నవ్వారు. కంప్యూటర్లు లేని రోజుల్లోనే లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. రచయిత పింగళి గారి ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ మన మాటల్లో ఇంకా తిరుగుతున్నాయి. 2010లో రంగుల ప్రతి వచ్చింది గానీ, పడవ పాటలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కురిపించిన వెన్నెల నలుపు తెలుపుల్లోనే అందం. వీలైతే అదే చూడండి.