ఫైలు చదవకుండా వేసిన ఆర్డరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా అనకాపల్లిలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగరోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు వేదికపై ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. జీవితమంతా ఫైళ్ళు మోసిన గుమస్తాను. కనుక నాకు జరిగినదే మనవి చేస్తాను. ఇందులో నేనొక మాట వెనక్కి తీసుకోవలసిన అవసరం కూడా ఉంది.

రెండేళ్ళ క్రిందటి మాట. ధనుర్మాసం చలికి నా మడమలు పగిలాయి. నాకు చాలాకాలంగా షుగరు ఉంది. డాక్టరుగారు ఒక క్రీము రాసి, రెండు పూటలా తప్పకుండా పట్టించమన్నారు. ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి ట్యూబు మీద ఉన్నదంతా చదివాను. పారఫిన్, గ్లిజరిన్ తర్వాత "సెటోస్టియరైల్ ఆల్కహాల్" అని ఉంది. నా గుండె గుభేలుమంది. పుట్టి బుద్ధెరిగి మద్యం ముట్టనివాణ్ణి, ఈ వయసులో కాళ్ళకు పూసుకుంటానా అనుకుని ట్యూబు అవతల పారేశాను. అంతటితో ఊరుకున్నానా? పొద్దుటి నడకలో కలిసిన మిత్రులకు కూడా చెప్పాను. వారిలో ఒకరు నా మాట విని తన క్రీము మానేశారు.

నెల తిరక్కుండా ఒక పగులు లోతుగా చీలి చీము పట్టింది. షుగరు ఉన్నవారికి కాలిలో స్పర్శ తగ్గుతుంది గనుక నాకు నొప్పి తెలియలేదు. మా ఇంటావిడ నేల మీద మరక చూసి కనిపెట్టింది. ఆ పుండు మానేదాకా రోజూ కట్టు కట్టించుకోవలసి వచ్చింది. "క్రీము రాస్తున్నారా?" అని డాక్టరుగారు అడిగితే విషయం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మాస్టారూ, అది తాగేది కాదండీ, మైనం లాంటిది. ఆ మైనం మానేసి కాలు పోగొట్టుకునేవారు" అన్నారు.

ఆ సాయంత్రం బి.ఫార్మసీ చదువుతున్న మా మనవరాలు నాకు పాఠం చెప్పింది. గ్లాసులో నీళ్ళు, కాస్త నువ్వులనూనె పోసి గిలకొట్టింది. క్షణంలో నూనె పైకి తేలింది. చిటికెడు సబ్బు తురుము వేసి మళ్ళీ గిలకొడితే తెల్లగా పాలలా అయి అలాగే నిలిచింది. "తాతయ్యా, సబ్బుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నూనెను పట్టుకుంటుంది. ఇలా రెంటినీ కలిపి ఉంచేదాన్ని ఎమల్సిఫయర్ అంటారు. ఇది లేకపోతే ఏ క్రీమూ లేదు" అంది.

ఆలోచిస్తే ఇది మనకు కొత్త కాదు. పాలలో వెన్న నీటితో కలిసి ఉండేది కొవ్వు బిందువుల చుట్టూ ఉండే ఫాస్ఫోలిపిడ్లు, మాంసకృత్తుల పొర వల్లనే. కవ్వంతో చిలికి మనం చేసే పని ఆ పొత్తు విడదీయడమే. మన చిన్ననాడు అద్దం దగ్గర స్నో డబ్బా ఉండేది. ఆఫ్ఘన్ స్నో 1919లో బొంబాయిలో పాటన్‌వాలా గారు తయారుచేసినది. స్నోలో స్టియరిక్ ఆమ్లంలో కొంత భాగం క్షారంతో కలిసి సబ్బుగా మారి, నీటినీ కొవ్వునూ కలిపి ఉంచుతుంది. అంటే మన తల్లులు కూడా ఎమల్సిఫయర్ రాసుకున్నవారే.

ఇక ఆ ఆల్కహాల్ సంగతి. రసాయనశాస్త్రంలో ఆల్కహాల్ అనేది ఇంటిపేరు వంటిది. ఇంటిపేరు ఒకటైతే గుణం ఒకటి కాదు గదా! మద్యంలో ఉండే ఇథైల్ ఆల్కహాల్‌లో కర్బన పరమాణువులు 2. అది ద్రవం, ఇట్టే ఆవిరైపోతుంది, చర్మాన్ని ఎండబెడుతుంది. సెటైల్‌లో 16, స్టియరైల్‌లో 18. ఇవి తెల్లని మైనపు పలుకులు. వీటి మిశ్రమమే సెటోస్టియరైల్. మత్తు లేదు, వాసన లేదు. చర్మాన్ని మెత్తబరుస్తుంది, క్రీముకు చిక్కదనం ఇస్తుంది, తోటి ఎమల్సిఫయర్‌కు బలం చేకూరుస్తుంది. సెటైల్ ఆల్కహాల్‌ను 1817లో షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తిమింగలం కొవ్వు నుంచి తీశాడు. ఇప్పుడు ఎక్కువగా కొబ్బరి, పామ్ నూనెల నుంచి తీస్తున్నారు. అమెరికాలో సౌందర్య సాధనాల ముడిపదార్థాలను పరిశీలించే నిపుణుల సంఘం 1988లో దీనిని సురక్షితమని తేల్చింది.

అలాగని అన్నీ కళ్ళు మూసుకుని రాసుకోమని నా భావం కాదు. సెటోస్టియరైల్ కూడా అరుదుగా కొందరికి పడదు. ముఖ్యంగా కాళ్ళ మీద దీర్ఘకాలపు పుండ్లు ఉన్నవారికి దురద, ఎరుపు రావచ్చు. అటువంటివారు డాక్టరుకు చూపించాలి. సోడియం లారైల్ సల్ఫేట్ అని ఇంకొకటి ఉంది. ఇదీ నూనెనూ నీటినీ కలిపేదే, కానీ మురికి వదలగొట్టే ఘాటైన సరుకు. "ఆక్వియస్ క్రీమ్" అని బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి పొడి చర్మానికి వాడిన క్రీములో ఇది సుమారు ఒక శాతం ఉండేది. కడుక్కోకుండా అలాగే వదిలేస్తే కొందరికి, ముఖ్యంగా గజ్జి తామర ఉన్న పిల్లలకు, చర్మం మండుతోందని అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. కుంకుడు రసం తలకు రుద్ది కడిగేసుకుంటాం. ఒంటికి పట్టించుకుని పడుకోం గదా! ఇదీ అంతే. కడిగేసేది వేరు, ఒంటి మీద ఉంచేది వేరు.

కనుక మిత్రులకు నా మనవి. లేబులు చదవండి, పూర్తిగా చదవండి. మన దేశపు 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతం మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువ వరుసలో రాయాలి. లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములు మనవరాళ్ళను కూడా కొననివ్వకండి. అటువంటి వాటిలో పాదరసం ఉండి మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో బయటపడ్డాయి. భయపడవలసినది అక్కడ. కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు మూడు రోజులు చూడండి. స్నానం చేసి తుడుచుకోగానే చర్మం చెమ్మగా ఉన్నప్పుడు రాయండి. షుగరు ఉన్నవారు కాలివేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు. రోజూ పాదాలు చూసుకోండి, చూపు ఆనకపోతే ఇంట్లోవారి చేత చూపించుకోండి.

ఉద్యోగంలో ఉండగా పూర్తి ఫైలు చూడకుండా నేను ఒక్క నోటు కూడా పెట్టలేదు. రిటైరయ్యాక మాత్రం ఒక్క మాట చూసి ఆర్డరు వేశాను. నా కాలు దక్కింది. నా మాట విని క్రీము మానేసిన మిత్రుడు ఈ సభలోనే ఉన్నారు. ఆయనకు ఇంటికి వెళ్ళి చెప్పాను, ఈరోజు అందరి ఎదుటా మరోసారి చెబుతున్నాను: ఆ ఆర్డరు రద్దయినది.