అత్యాచారం కేసుల్లో కోర్టు ఏం చూస్తుంది?
(సొసైటీ వార్షిక సభ సందర్భంగా తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శి గారు మమ్మల్ని ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతే మాట్లాడతాం, కాకపోతే వేరే దారిలో వస్తాం. పదో తరగతి కాగానే పిల్లను ఎందుకు మానిపిస్తున్నారని అడిగితే చాలామంది తల్లులు డబ్బు మాట ఎత్తరు. ఫీజులకు సొసైటీ ఉంది. "రేపు జరగరానిది జరిగితే దిక్కెవరు మేడమ్? స్టేషన్‌కు పోతే మన పిల్ల పరువే పోతుంది" అంటారు. ఆ మాటకు మా దగ్గర చాలాకాలం జవాబు లేదు. మేము వకీళ్లం కాము. తెలిసిన వకీలు సాబ్‌ను అడిగి కొన్ని తీర్పులు తెప్పించుకుని చదివాం. చదివింది చెబుతాం.

తల్లుల భయం ఉత్తది కాదు. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఏం జరిగిందో ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. రాత్రివేళ సినిమా చూసి వస్తున్న ఒక పేద ముస్లిం స్త్రీని స్టేషన్‌లో చెరిచారని, అడగబోయిన భర్తను, అతను రిక్షా కార్మికుడు, కొట్టి చంపారని ఊరు ఊరంతా భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులదే నేరమని చెప్పింది. ఆ విచారణలో పోలీసుల తరఫు వాదన ఏమిటంటే, ఆమె నడత మంచిది కాదు, ఆమె నికాహ్ కూడా సరైనది కాదు! తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో అక్కడి కోర్టు అత్యాచారం, హత్య ఆరోపణల నుంచి పోలీసులను విడిచిపెట్టింది. ఆమె పేరు మేము ఇక్కడ చెప్పడం లేదు. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని 1983లో చట్టం వచ్చింది. అంతకు ముందు పత్రికలన్నీ రాసేశాయి, అది వేరే సంగతి.

అదే 1978లో సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన ఒక ఆదివాసీ బాలిక కేసులో ఇద్దరు పోలీసులను విడుదల చేసింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేయలేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది సారాంశం. భయంతో లొంగిపోవడం వేరు, ఇష్టపడటం వేరని బొంబాయి హైకోర్టు అంతకు ముందే చెప్పినా నిలవలేదు. దీని మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. రాసింది పాఠాలు చెప్పుకునే వాళ్లు అని మాకు కొంచెం గర్వం. ఆ తర్వాత వచ్చిన కదలిక ఫలితమే 1983 సవరణ. పోలీసు కస్టడీ వంటి చోట్ల కలయిక జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని స్త్రీ కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. 2013లో ఇంకో మాట చేర్చారు. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ అది ఉంది.

మమ్మల్ని బాగా కదిలించింది మాత్రం పంజాబ్ కేసు. 1984 మార్చి. పదో తరగతి పరీక్షలు. భూగోళం పరీక్ష రాసి నడిచి వెళ్తున్న పిల్లను కారులో ఎత్తుకుపోయారు. మర్నాడు పొద్దున తెచ్చి బడి దగ్గర దించేశారు. ఆ పిల్ల ఏం చేసిందో చూడండి. లోపలికి వెళ్లి ఆ రోజు పరీక్ష రాసింది. తర్వాత ఇంటికెళ్లి అమ్మకు చెప్పింది. తండ్రి ముందు సర్పంచ్ దగ్గరికి వెళ్లాడు. పంచాయితీ పెట్టారు, ఏమీ తేలలేదు. ఆ తర్వాతే పోలీసుల దగ్గరికి వెళ్లారు. కింది కోర్టు దేన్ని తప్పు పట్టిందనుకున్నారు? టీచర్లకు, స్నేహితురాళ్లకు ఎందుకు చెప్పలేదని, ఫిర్యాదు ఎందుకు ఆలస్యమైందని. పైగా ఆ పిల్ల నడత మీద ఒక వ్యాఖ్య. 1996లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పిల్ల ప్రవర్తన పూర్తిగా సహజమని, ఆమె మాట నమ్మదగినదైతే వేరే సాక్ష్యం అక్కర్లేదని, కోర్టులు ఆమె నడత మీద ముద్రలు వేయకూడదని చెప్పింది. అయినా పన్నెండేళ్లు పట్టింది.

ఆ తీర్పు చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్ల మాకు చెప్పుకుంది. రోజూ తెచ్చి దించే ఆటో డ్రైవర్ గురించి. మేము ముగ్గురం టీచర్లం విన్నాం. విని, "ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడుకోండి" అని తల్లిని పంపేశాం. బడి పేరు పాడవుతుందన్న మాట స్టాఫ్ రూములో వచ్చింది, మేము కాదనలేదు. ఐదో రోజున తల్లే స్టేషన్‌కు వెళ్లింది. కోర్టులో ఎదుటి వకీలు మొదట అడిగింది అదే, ఐదు రోజులు ఏం చేశారని. జవాబు చెప్పాల్సింది మేము. అడిగింది మాత్రం పిల్లను.

చట్టం మాకు ఆ వీలు ఇవ్వలేదని అప్పుడు తెలియదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థ అధిపతి తన కింది వారి నేరాన్ని దాచితే ఏడాది వరకు. అంటే పెద్దల్లో పెట్టి సర్దుబాటు చేసుకుందామనే మాటకే చోటు లేదు. జమాత్ పెద్దలకూ ఇదే వర్తిస్తుందని వినయంగా మనవి చేస్తున్నాం.

ఇక ప్రభుత్వం సంగతి. 1998లో అజ్మీర్ వెళ్లాలని వచ్చిన ఒక బంగ్లాదేశ్ స్త్రీపై హౌరా స్టేషన్‌లోని రైల్వే వసతి గృహంలో అత్యాచారం జరిగింది. నేరస్తుల్లో రైల్వే ఉద్యోగులున్నారు. చంద్రిమా దాస్ అనే న్యాయవాది ఆమె తరఫున కోర్టుకెక్కారు. అది ఉద్యోగుల సొంత నేరం, ఆమె విదేశీయురాలు, మాకేం సంబంధం అని రైల్వే వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసింది. మర్యాదగా బతికే హక్కు ఈ నేల మీదున్న ప్రతి మనిషిదీ అంది. పది లక్షల పరిహారం ఖాయం చేసింది. గుజరాత్‌కు చెందిన బిల్కిస్ బానో గారికి రాష్ట్ర ప్రభుత్వం యాభై లక్షలు, ఉద్యోగం, ఇల్లు ఇవ్వాలని 2019లో ఆదేశించింది. ఆ డబ్బు పోయినవాళ్లను తేదు. కానీ కాపాడాల్సిన వాళ్లు కాపాడలేదని రాతపూర్వకంగా నమోదైంది.

ఏం చేయాలో కూడా చెబుతాం. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాయించవచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. రాయనంటే ఆ పోలీసు అధికారికే శిక్ష ఉంది. పోక్సో కేసయితే పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, యూనిఫాం వేసుకుని రాకూడదు. ప్రైవేటుదైనా సర్కారుదైనా ఆసుపత్రి ఉచితంగా చికిత్స చేయాలి. రెండు వేళ్ల పరీక్ష చేస్తామంటే ఒప్పుకోవద్దు, సుప్రీంకోర్టు 2022లో మళ్లీ గట్టిగా వద్దంది. ఉచిత వకీలు, పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఫోన్ 15100. పిల్లల కోసం 1098, స్త్రీల కోసం 181.

ఈ నంబర్లు రాసిన కాగితాలు గుమ్మం పక్కన బల్ల మీద ఉన్నాయి, తెలుగులోనూ ఉర్దూలోనూ. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. మా పాత బడికీ ఒకటి పంపాం.